జబ్బుతో పని మానితే ఇ.ఎస్.ఐ. సహాయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– జబ్బు కాలంలో ఇ.ఎస్.ఐ. ఇచ్చే నగదు సహాయాన్ని లెక్కకట్టగలుగుతారు.
– 91 రోజుల తరువాత కూడా సహాయం ఎలా అందుతుందో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక నూలు మిల్లు కార్మికుడిని ఊహించుకోండి. అతని రోజు వేతనం 400 రూపాయలు. అతనికి క్షయ సోకింది. ఆరు నెలలు మందులు వాడాలని, కొంతకాలం పని మానాలని డాక్టరు చెప్పాడు. ఇంటి అద్దె ఎలా కట్టాలి? పిల్లలకు ఏం పెట్టాలి? ఈ బెంగతో అతను దగ్గు తగ్గగానే మిల్లుకు వెళ్లి, మందులు మానేస్తే ఏమవుతుంది? జబ్బు తిరగబెడుతుంది. మందులకు లొంగని క్షయగా మారవచ్చు కూడా.

ఇలాంటి కష్టం కోసమే ఉద్యోగుల రాజ్య బీమా పథకం ఉంది. దీనినే ఇ.ఎస్.ఐ. అంటారు. 1948లో చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలైంది.

2019 జులై నుంచి అమలైన రేట్ల ప్రకారం కార్మికుడి వేతనంలో 0.75 శాతం, యజమాని తరఫున 3.25 శాతం చందాగా జమ అవుతుంది. నెలకు 26 రోజులు పనిచేస్తే మన కార్మికుడి వేతనం 10,400 రూపాయలు. అతని చందా 78 రూపాయలు, యజమానిది 338 రూపాయలు. కాబట్టి ఈ సహాయం దానం కాదు. చందా కట్టినవారి హక్కు.

2. మొదటి 91 రోజులు

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కనీసం 78 రోజులకు చందా జమ అయితే, తరువాతి జనవరి నుంచి జూన్ వరకు నగదు సహాయానికి అర్హత వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టిన చందాకు జులై నుంచి డిసెంబరు వరకు అర్హత ఉంటుంది.

సహాయం సగటు రోజు వేతనంలో 70 శాతం. అంటే 400 రూపాయలకు 280 రూపాయలు. సంవత్సరానికి 91 రోజుల వరకు ఇస్తారు. సాధారణంగా మొదటి రెండు రోజులకు డబ్బు రాదు.

3. జబ్బు అప్పటికీ నయం కాకపోతే

చాలామంది 91 రోజులతో అంతా అయిపోయిందనుకుంటారు. అది నిజం కాదు. క్షయ, కుష్ఠు, క్యాన్సర్, పక్షవాతం, మూత్రపిండాల దీర్ఘకాలిక వైఫల్యం, కొన్ని తీవ్ర మానసిక వ్యాధులు మొదలైన 34 జబ్బులకు పొడిగించిన సహాయం ఉంది. దీని రేటు 80 శాతం, అంటే 320 రూపాయలు. మొదట 124 రోజులు ఇస్తారు. అవసరాన్ని బట్టి, వైద్యుల సిఫారసుపై రెండు సంవత్సరాల వరకు పెంచవచ్చు.

దీనికి రెండు సంవత్సరాలు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. అంతకు ముందు నాలుగు చందా కాలాలలో మొత్తం 156 రోజులకు చందా జమ అయి ఉండాలి.

4. మీరు చేయవలసిన పనులు

(అ) జబ్బు చేయగానే ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి లేదా ఆసుపత్రికి వెళ్లండి. పని మానవలసిన అవసరం ఉందని డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టే ఈ సహాయానికి ఆధారం.
(ఆ) సర్టిఫికెట్ గడువు ముగిసేలోగా మళ్లీ డాక్టరును కలవండి. మధ్యలో ఖాళీ వస్తే ఆ రోజుల డబ్బు పోవచ్చు.
(ఇ) మీ బీమా సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు సరిగా నమోదయ్యాయో బ్రాంచి ఆఫీసులో చూసుకోండి. ప్రతి కాగితానికీ నకలు దాచుకోండి.
(ఈ) సహాయం తీసుకునే రోజులలో వేరే పనికి వెళ్లకండి.

5. గుర్తుంచుకోండి

ఈ పథకం అందరికీ వర్తించదు. 2017 జనవరిలో నెల వేతన పరిమితిని 21,000 రూపాయలుగా నిర్ణయించారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి, 1948 చట్టం స్థానాన్ని తీసుకుంది. కాబట్టి ప్రస్తుత పరిమితులను బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మీ వేతనంలో చందా కోస్తున్నారా? అది మీ పేరున జమ అవుతోందా? ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. జబ్బు పడ్డాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. సగటు రోజు వేతనం 500 రూపాయలైతే మొదటి 91 రోజులలో రోజుకు ఎంత సహాయం వస్తుంది?
2. అదే వ్యక్తికి పొడిగించిన సహాయం రోజుకు ఎంత?

జవాబులు: 1. 350 రూపాయలు. 2. 400 రూపాయలు.