నెల వెళ్లకముందే

ఏడో నెలలో పుట్టిన పాప మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉండి ఇంటికొచ్చింది. పాలు తాగుతోంది, ఒళ్లు చేస్తోంది, కళ్లు నిగనిగలాడుతున్నాయి. కంటి డాక్టరుకు చూపించాలంటే, "నెలైనా వెళ్లలేదు, పసిగుడ్డును గడప దాటిస్తారా?" అంటుంది అమ్మమ్మ. ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. కానీ ఈ పాప నెల వెళ్లకముందే గడప దాటాలి.

కంటి లోపలి గోడకు రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. దానికి రక్తమందించే నాళాలు కడుపులో నాలుగో నెలలో కంటినరం దగ్గర మొదలై, పందిరి మీద తీగలా అంచుల దాకా పాకుతాయి. ఆ అల్లిక పూర్తయ్యేది నెలలు నిండేసరికే. ముందే పుట్టిన బిడ్డకు పందిరి సగమే నిండి ఉంటుంది. ప్రాణం నిలపడానికి ఇచ్చే ఆక్సిజన్ మోతాదు మించితే తీగ అక్కడే ఆగిపోతుంది. తర్వాత రక్తం అందని అంచుల్లో కొత్త నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చి, మచ్చకట్టి, రెటీనాను గోడనుంచి ఊడలాగుతాయి. దీన్నే రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ, క్లుప్తంగా ఆర్‌ఓపీ అంటారు.

1942లో బోస్టన్ వైద్యుడు థియోడోర్ టెర్రీ ఈ జబ్బును మొదట వర్ణించారు. ఆక్సిజన్‌కు దీనితో సంబంధం ఉందని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ సూచించారు. 1950లో నెలలు నిండక పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది దీనివల్లే.

ఆర్‌ఓపీ పైకి కనిపించదు. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనబడేసరికి చాలావరకు చెయ్యి దాటిపోయినట్టే. అందుకే మన దేశంలో 34 వారాలకు ముందు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు పరీక్ష చేయించాలంటారు. 28 వారాలకు ముందే పుట్టినా, 1,200 గ్రాములకన్నా తక్కువున్నా రెండు మూడు వారాలకే చూడాలి.

పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. కంటిపాప విప్పారడానికి చుక్కలు వేస్తారు. బిడ్డను గుడ్డలో పొదివి, చిన్న తీగ క్లిప్పుతో రెప్పలు తెరిచి, నుదుటి దీపం వెలుగులో లెన్సుతో లోపలికి చూస్తారు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి గుండె తరుక్కుపోతుంది. అయినా ఒక్కసారితో వదలకూడదు. నాళాలు అంచుదాకా పాకేవరకు డాక్టరు చెప్పినప్పుడల్లా తీసుకెళ్లాలి. జబ్బు ముదురుతుంటే 48 నుంచి 72 గంటల్లో లేజర్‌తోనో, కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్‌తోనో ఎక్కువమంది చూపు కాపాడవచ్చు.

30 రోజుల లెక్క ఇంటికొచ్చిన నాటి నుంచి కాదు, పుట్టిన నాటి నుంచి. డిశ్చార్జి కాగితంలో కంటి పరీక్ష తేదీ లేకపోతే అడిగి రాయించుకోండి. బారసాలకు రోజులు లెక్కపెట్టే అమ్మమ్మకే ఆ తేదీ అప్పగించండి. ఆమె మరిచిపోదు.