పుంజుకున్నది ఎవరు?

'మార్కెట్ కోలుకుంది', 'షేరు పుంజుకుంది' - పత్రికలు రోజూ వాడే మాటలివి. వీటిని వ్యాపార పుటకే వదిలేయడం సాహిత్య విమర్శకు తగదు. భాష ఏ పుటలోనూ తటస్థంగా ఉండదు.

తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయుడిగా నాకు ముందు కనిపించేది క్రియ. పుంజుకొను, కోలుకొను, తేరుకొను - అన్నిటా 'కొను' ఉంది. పని ఫలం చేసినవాడికే చెందుతుందని అది సూచిస్తుంది. ఇక్కడ కర్త షేరు. మరి ఫలం ఎవరిది?

సత్యం కంప్యూటర్స్ సంగతి చూద్దాం. 2008లో ఆ షేరు 544 రూపాయల దాకా వెళ్ళింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ రాశారు. ముందురోజు దాదాపు 179 ఉన్న ధర ఆరోజే 40కి, 9వ తేదీకి దాదాపు 24కి పడిపోయింది. 11న కేంద్రప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించింది. 12న ధర 34 దాటింది. ఒక్కరోజులో నలభై శాతం పైగా పెరుగుదల! కాని పోయిన 155 రూపాయల్లో తిరిగివచ్చినది పది. శాతాన్ని ఎప్పుడూ ఉన్న మెట్టు నుంచే కొలుస్తారు. సగానికి పడిన ధర మొదటి చోటికి చేరాలంటే రెట్టింపు కావాలి.

ఈ పెరుగుదల ఎందుకు వస్తుంది? చేతిలో లేని షేర్లను ముందే అమ్మినవారు బాకీ తీర్చడానికి మళ్ళీ కొనాలి. చౌక అని దిగేవారు కొందరుంటారు. భయపడినవారంతా అమ్మేశాక అమ్మకం ఒత్తిడి తగ్గుతుంది. వీటిలో ఏదీ సంస్థ బాగుపడిందనడానికి రుజువు కాదు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున ఇచ్చి సత్యంను దక్కించుకుంది. అడుగున కొన్నవాడికి సొమ్ము రెట్టింపు దాటింది. అదే ధరకు భయపడి అమ్ముకున్న చిన్న మదుపరికి ఆ 58తో సంబంధం లేదు.

మా వట్లూరు చుట్టుపక్కల కౌలురైతుకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. మాసూళ్ళనాడు అప్పులవాడు గుమ్మంలో నిలబడితే కళ్ళంలోనే ధాన్యం అమ్మేస్తాడు. తర్వాత ధర పెరిగితే ఆ లాభం గిడ్డంగి ఉన్నవాడిది. ధర పుంజుకుంటుంది, రైతు పుంజుకోడు. ఇద్దరి మధ్య తేడా తెలివిలో లేదు, ఆగగలిగే స్తోమతులో ఉంది.

'కొను'కు మన భాషలో వెల ఇచ్చి తీసుకోవడమనే అర్థం కూడా ఉంది. పుంజుకున్నది, కొనగలిగినవాడు. ఈ మాట రాసే ప్రతి రచయితా అమ్ముకున్నవాడు ఏమయ్యాడో కూడా రాయాలి.