చేతులు స్టీరింగ్ మీద, మనసు ఫోన్‌లో!

ఢిల్లీలోని సరోజినీ నగర్ మార్కెట్ నుంచి రింగ్ రోడ్డెక్కిన కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. మెసేజ్ చూడటానికి డ్రైవరు రెండు సెకన్లు తల దించితే చాలు, కారు 33 మీటర్లు దాటిపోతుంది.

మరి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోన్ చేత్తో పట్టుకున్నా పట్టుకోకున్నా, మాట్లాడేవారు సిగ్నళ్లను ఒకేలా గమనించలేకపోయారు. రేడియో విన్నవారికి ఆ ఇబ్బంది రాలేదు. బదులివ్వాల్సిన సంభాషణే మెదడు దృష్టిని లాగేసుకుంటుంది.

2019 మోటారు వాహనాల చట్ట సవరణ, ఫోన్ చేతబట్టి నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా చేర్చింది. తొలి తప్పుకే రూ.5,000 వరకు జరిమానా, జైలు కూడా పడవచ్చు. అయితే చట్టం చేతిని చూస్తుంది, మనసును చూడలేదు. కాల్ తప్పనిసరైతే బండిని పక్కన ఆపి మాట్లాడటమే సరైన జాగ్రత్త.