బ్రెజిలు దేశమున మన ఒంగోలు సంతతి

ఒంగోలు పశువులు సముద్రము దాటి బ్రెజిలు దేశము చేరి నూటయేబది సంవత్సరములు గడచినవి. అచ్చట వానిని మన నెల్లూరు పేరనే 'నెలోరె' యని పిలుతురు. 1938లో వానికి వంశావళి పుస్తకము నేర్పరచిరి. 1962 ప్రాంతమున కొనిపోయిన ఆంబోతులలో నొకదానికి ఒంగోలు చేరువనున్న కరవది గ్రామము పేరే నిలిచినది. నేడా దేశపు మాంసపు పశువులలో అధికభాగ మీ సంతతియే. ఆ ప్రయోజనము మన చదువరులలో పెక్కురకు సమ్మతము గాకపోవచ్చును. వారు పశువు నేరుకొను తీరు మాత్రము తెలిసికొనదగినది.

దూడను పుట్టినప్పుడును, పాలు మాన్పినప్పుడును, ఏడాదికిని వారు తూచెదరు. ఒకే బీటిలో మేసిన దూడలలో నొకటి హెచ్చు తూగినంతమాత్రమున ఆ భేదమంతయు తల్లిదండ్రులదే యనరాదు. ఏడాది బరువు భేదములలో పదింట మూడు నాలుగు పాళ్లు జన్యువులవలన కలుగును. తక్కినది మేత, తల్లిపాలు, వ్యాధి, ఋతువు. కావున ఒక్క దూడను జూచి ఆంబోతును మెచ్చుకొనక, పెక్కు మందలలోని దాని బిడ్డల సరాసరి చూతురు. నడుము కండ వైశాల్యమును, దానిపై కొవ్వు మందమును వారసత్వముగ వచ్చునవే. పూర్వము కోసినగాని తెలియని వీనిని నేడు ధ్వనితరంగ యంత్రముతో బ్రదికియున్న పశువునందే కొలుచుచున్నారు.

బరువొక్కటే కోరుటయు ప్రమాదమే. ఎదుగుదలను పెంచు జన్యువులు పుట్టుక బరువునుగూడ పెంచి ఈతను కష్టపెట్టును. బెల్జియము నీలిజాతియందు కండను అదుపుచేయు మయోస్టాటిన్ జన్యువు చెడియున్నదని 1997లో కనుగొనిరి. ఆ పశువుల కండ రెట్టింపుగ కనబడును. ఆవులకు మాత్రము తరచుగ పొట్ట కోసియే దూడను తీయవలసివచ్చును. మన మూపుర జాతులు ఎండకును పిడుదులకును ఓర్చును గాని, కాల్పాస్టాటిన్ అను పదార్థము హెచ్చగుటచే వాని మాంసము త్వరగ మెత్తబడదు.

మన సీమలో పూర్వము దివంగతుల పేర ఆంబోతును అచ్చువేసి విడుచునపుడు గ్రామపెద్దలు కూడి మేలైన కోడెదూడను ఏరుచుండిరి. నేడు మేలైన దూడయే ముందుగ సంతకు పోవుచున్నది. మేమును ఉద్యోగారంభమున నొక ప్రదర్శనమునందు మూపురపు సొగసు జూచి ఒక కోడెకు బహుమతి నిప్పించితిమి. దాని దూడలు మూడేండ్లకును కాడి మోయజాలకపోయెను. ఆ గ్రామపు రైతొకరు మేమెదురైనపుడెల్ల ఆ మాట యెత్తుచునే యుందురు.

తూనిక లేనిచోట త్రాడు చాలును. ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానిచేతనే హెచ్చించి, భుజపు మొన మొదలు పిరుదు ఎముక వరకు గల పొడవుచే మరల హెచ్చించి, 300చే భాగించిన పౌనులలో బరువు తేలును. చుట్టు 60, పొడవు 50 అంగుళములు గల కోడె 600 పౌనులు, అనగా ఇంచుమించు 272 కిలోలు తూగును. దూడకు ఏడాది నిండిన దినముననే కొలిచి, తండ్రి ఆంబోతు పేరు ప్రక్కన వ్రాసి సంఘ కార్యదర్శి కిచ్చినయెడల, విత్తులు కొట్టించుటకు పూర్వమే ఏ ఆంబోతు బిడ్డలు ఎట్లెదుగుచున్నవో పోల్చి చూడవచ్చును.