కారణాంకాలు వెదకని పరీక్ష

17,01,41,18,34,60,46,92,31,73,16,87,30,37,15,88,41,05,727.

ముప్పై తొమ్మిది అంకెల ఈ సంఖ్యను క్లుప్తంగా 2¹²⁷ − 1 అని వ్రాస్తారు. ఇది ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడదని, ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకాస్ 1876లో చేతిలెక్కతో తేల్చాడు. 1951 వరకు ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

బడిలో మనం నేర్చుకున్న పద్ధతి ఇక్కడ పనికిరాదు. 2 నుండి వర్గమూలం దాకా వరుసగా భాగించి చూడాలంటే, ఆ వర్గమూలమే 20 అంకెల సంఖ్య. సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసినా నాలుగు వందల ఏళ్ళు దాటుతుంది.

లూకాస్ అసలు కారణాంకాల జోలికే పోలేదు. ఆయన పద్ధతికి అమెరికన్ గణితవేత్త లేమర్ 1930లో ఇచ్చిన సులభరూపం ఇది. 4తో మొదలుపెట్టాలి. దాని వర్గం నుండి 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్న అయితే అది ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు.

31, అంటే 2⁵ − 1, తీసుకుందాం. మూడు సార్లు చాలు. 4 నుండి 14 వస్తుంది. 14 నుండి 194, శేషం 8. 8 నుండి 62; శేషం 0. కనుక 31 ప్రధాన సంఖ్య. 2¹²⁷ − 1కు కావలసినవి 125 సార్లే.

ఇది ఎందుకు పని చేస్తుంది? ఈ వరుస 2 + √3 ఘాతాల నుండి పుడుతుంది. చివరి శేషం సున్న అయిందంటే, ఆ ఘాతాలు తిరిగి 1ని చేరడానికి సరిగ్గా 2¹²⁷ అడుగులు పడతాయని అర్థం. మన సంఖ్యకు వర్గమూలాన్ని మించని కారణాంకం ఉంటే, దానితో భాగిస్తే వచ్చే శేషాలలో అంత పొడవైన చక్రానికి చోటు చాలదు.

మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో ఇచ్చిన పట్టికలో 2⁶⁷ − 1 కూడా ప్రధాన సంఖ్యే. కాదని లూకాస్ 1876లోనే చూపాడు, ఒక్క కారణాంకమూ చెప్పకుండానే. కారణాంకాలను 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ కనుగొన్నాడు: 19,37,07,721 × 7,61,83,82,57,287. రోగం ఉన్నదని తేలిన ఇరవై ఏడేళ్ళకు గాని అది ఎక్కడున్నదో తెలియలేదన్నమాట!

2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. వైద్యంలో లాగే ఇక్కడా రెండంచెలు. ముందు ఫెర్మా సూత్రం మీద ఆధారపడిన ప్రాథమిక పరీక్ష; అది అరుదుగా సంయుక్త సంఖ్యను కూడా ప్రధానమని పొరబడగలదు. తరువాత లూకాస్–లేమర్ నిర్ధారణ. దీనిలో ఆ పొరపాటుకు తావు లేదు.

ప్రధానమా కాదా అని తేల్చడం తేలిక, కారణాంకాలు వెలికితీయడం కష్టం. ఈ వ్యత్యాసం చాలా పెద్ద సంఖ్యల విషయంలో కనబడుతుంది. 1977లో రూపొందిన ఆర్‌.ఎస్‌.ఏ. రహస్యలిపికి పునాది ఇదే: రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను ఎంచుకొని గుణించడం క్షణాల పని, లబ్ధాన్ని మాత్రమే చూసి వాటిని రాబట్టే వేగవంతమైన పద్ధతి సాధారణ కంప్యూటర్లకు ఇంకా దొరకలేదు.