గ్యాలరీకీ గోల్‌పోస్టుకూ నడుమ దూరం

కోట్లు ఖర్చుపెట్టి కట్టిన కొత్త స్టేడియంలో ప్రేక్షకుల హోరు ఒక్కోసారి ఎందుకు వినిపించదన్న ప్రశ్నకు సమాధానం కొంత కట్టడంలోనూ, కొంత జనం అలవాటులోనూ ఉంటుంది. ఈ రెండూ ఎలా ముడిపడి ఉంటాయో తెలుసుకోవడానికి తెలుగు నేలపై దొరికే మంచి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్.సి. దేశంలో ఫుట్‌బాల్‌కు ప్రధాన పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో 2019లో అడుగుపెట్టిన ఈ క్లబ్బుకు గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది.

సుమారు 30 వేల మంది పట్టే ఆ స్టేడియాన్ని ఫుట్‌బాల్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని కట్టలేదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల అవసరాల కోసం నిర్మించినందున మైదానం చుట్టూ పరుగు పందాల ట్రాక్ ఉంది. ఎనిమిది వరుసల ప్రామాణిక ట్రాక్ వెడల్పే దాదాపు 10 మీటర్లు. ట్రాక్ వంపులు అర్ధవృత్తాలుగా ఉంటాయి కాబట్టి, 105 మీటర్ల పొడవైన ఫుట్‌బాల్ మైదానాన్ని దాని మధ్యలో అమర్చితే గోల్ వెనుక మరో 26 మీటర్లు ఖాళీగా మిగులుతాయి. అంటే ఇలాంటి ఏ స్టేడియంలోనైనా గోల్ వెనుక మొదటి వరుసలో కూర్చున్న అభిమాని కూడా గోల్ గీతకు 35 మీటర్లకు పైగా దూరంలో ఉన్నట్లే. ఫుట్‌బాల్‌లో పాటలు, డప్పులు, జెండాలు ఎక్కువగా గోల్ వెనుక గ్యాలరీలోనే ఉంటాయి. ట్రాక్ ఉన్న చోట సరిగ్గా ఆ గ్యాలరీయే ఆటకు అన్నిటికంటే దూరమవుతుంది.

శబ్దం తీవ్రతను కొలిచే ప్రమాణాన్ని డెసిబెల్ అంటారు. ఆరుబయట ఒక్క గొంతు నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వేల గొంతులు కలిసినప్పుడు లెక్క ఇంత సూటిగా ఉండకపోయినా, దూరం చేసే నష్టం మాత్రం తప్పదు. గ్యాలరీపై కప్పు ఉంటే పైకి పోయే కేకలో కొంత భాగం తిరిగి మైదానం మీదికి మళ్లుతుంది, లేకుంటే ఆకాశంలో కలిసిపోతుంది. ఇటలీలోని యువెంటస్ క్లబ్ ట్రాక్ ఉన్న పాత డెల్లె ఆల్పి స్టేడియాన్ని వదిలి, అదే స్థలంలో 2011లో సుమారు 41 వేల మంది పట్టే కొత్త స్టేడియాన్ని తెరిచింది. సీట్లు బాగా తగ్గినా, మొదటి వరుసను ఆటకు 7.5 మీటర్ల దగ్గరికి తెచ్చినందువల్ల హోరు పెరిగింది. పెద్ద స్టేడియమే గొప్ప స్టేడియమన్న నమ్మకం మన దగ్గర ఇంకా బలంగా ఉంది గనుక ఈ ఉదాహరణ ఇక్కడ మరీ అవసరం.

అయితే కొలతలతోనే అంతా తేలదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచినప్పుడు, ఆ జట్టుకు శిక్షకుడైన ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన భారత జట్టు 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చినప్పుడు, ఈ నగరంలో ఫుట్‌బాల్ జనం ఆట. ఆ అలవాటు మధ్యలో తెగిపోయింది. దాన్ని తిరిగి అతికించే పనిని ‘డెక్కన్ లీజియన్’ అనే అభిమాన బృందం తలకెత్తుకుని, గచ్చిబౌలి గ్యాలరీలో పాటలు కట్టి పాడింది. కానీ కొవిడ్ వల్ల రెండు సీజన్ల పాటు క్లబ్ మ్యాచ్‌లన్నీ గోవాకు తరలిపోయి ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో లీగ్ ఫైనల్ 1-1తో ముగిసి, పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ విజేత అయినప్పుడు ప్రేక్షకులను రానిచ్చారు. గ్యాలరీల్లో అత్యధికులు మాత్రం కేరళ అభిమానులే. సొంత జట్టు శిఖరానికి చేరిన క్షణాన సొంత జనం అక్కడ లేకపోవడం ఒక క్లబ్బుకు తీరని లోటు, ఎందుకంటే అలాంటి రాత్రుల జ్ఞాపకమే తర్వాతి తరం చేత టికెట్ కొనిపిస్తుంది.

నగరం వెలుపల, పాత వరంగల్ జిల్లా నుంచి 2016లో విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాసులకు గచ్చిబౌలి సందడి మరింత దూరంగా ఉండేది. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ ముగిసేసరికి తొమ్మిదిన్నర అయ్యేది. అప్పుడు గచ్చిబౌలి నుంచి నగరానికి అటు చివర ఉన్న సికింద్రాబాద్‌కు చేరి జనగామ, మహబూబాబాద్ రైలు అందుకోవాల్సి వచ్చేది, భూపాలపల్లికైతే ఆ రైలు కూడా లేదు. హోరెత్తించడం ఈ ప్రాంతానికి చేతకానిది కాదు. ఊళ్లో కబడ్డీ పోటీ పెడితే జనం గీత అంచునే కూర్చుంటారు, కూతకు వెళ్లిన ఆటగాడి ఊపిరి వారికి వినిపిస్తుంది, వారి అరుపు అతన్ని ముందుకు తోస్తుంది. కొత్త స్టేడియాల వాస్తుశిల్పులు ఎంతో శ్రమపడి సాధించే సాన్నిహిత్యం అక్కడ ఖర్చు లేకుండానే ఉంది.

2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. ఇక తెలంగాణకు మిగిలిన ప్రధాన క్లబ్ శ్రీనిధి డెక్కన్. దేశంలోని మరో ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన ఆ జట్టు నగర శివార్లలోని అజీజ్‌నగర్‌లో ‘డెక్కన్ అరీనా’ అనే చిన్న మైదానాన్ని నెలకొల్పుకుంది. జిల్లా కేంద్రాల్లో స్టేడియాలకు నమూనాలు గీసేవారు ముందుగా చూడవలసినవి ఇలాంటి చిన్న మైదానాలే. పరుగు పందాల ట్రాక్‌కు వేరే చోటు చూపి, గోల్ వెనుక పది మీటర్లలోపే నాలుగైదు మెట్ల గ్యాలరీ కట్టి, చివరి బస్సు వెళ్లిపోకముందే ఆట ముగిసేలా వేళలు పెడితే జనం వస్తారు.