ఇంటిపేరు ఒకటి, బోర్డులు అనేకం

టాటానగర్ రైల్వే స్టేషనుకు చేరువలోని బాగ్‌బేరాలో ఒక తెలుగు కుటుంబం ఉన్నదనుకుందాం. ఉక్కు కర్మాగారంలోనో, రైల్వేలోనో కొలువు దొరికి తాతల కాలంలో జంషెడ్‌పూర్‌కు తరలివచ్చిన తెలుగువారి సంతతి అక్కడ నేటికీ ఉన్నది. ఆ ఇంట పెళ్ళి కుదిరింది. బట్టలు కొనడానికి పెద్దలు హైదరాబాదు వెళ్ళారు. పెళ్ళికూతురికి పట్టుచీర ఒక దుకాణంలో, బంధువులకు పెట్టుబడి చీరలు వేరొక దుకాణంలో, పిల్లలకు దుస్తులు ఇంకొక దుకాణంలో తీసుకున్నారు. నాలుగు కొట్లు తిరిగి, ధరలు పోల్చి కొన్నామన్న తృప్తితో ఇల్లు చేరారు. తీరా రసీదులను పక్కపక్కన పెట్టి చూస్తే మూడింటిపైనా ఒకే కంపెనీ పేరు!

ఆ కుటుంబం ఊహే కాని, అటువంటి వ్యాపారం ఊహ కాదు. 2005లో హైదరాబాదులో ఒక్క చీరల దుకాణంతో ఆరంభమైన కళామందిర్ సంస్థనే తీసుకోండి. 2023 సెప్టెంబరులో ప్రజలకు వాటాలు విక్రయించేనాటికి అది నాలుగు పేర్లతో వర్తకం చేస్తున్నది. మధ్యతరగతివారికి కళామందిర్, పెళ్ళిళ్ళకు కంచి పట్టు కోరేవారికి వరమహాలక్ష్మి సిల్క్స్, ఖరీదైన డిజైనర్ చీరలు కోరే సంపన్నులకు మందిర్, తక్కువ ధరలో ఇంటిల్లిపాదికీ దుస్తులు కావలసినవారికి కె.ఎల్.ఎం. ఫ్యాషన్ మాల్. యజమాని ఒక్కడే, గుమ్మాలు నాలుగు.

ఒకే బోర్డు కింద అన్నీ అమ్మరాదా? అమ్మవచ్చు. కాని 500 రూపాయల చీర వేలాడుతున్న చోట 50,000 రూపాయల చీర కొనడానికి సంపన్నురాలి మనసు ఒప్పదు. అద్దాల తలుపులు, చల్లని గాలి, పట్టు తివాచీ చూచి సామాన్యుడు గుమ్మంలోనే తటపటాయిస్తాడు. లోపల తనకు తగిన వస్తువు ఉన్నా అతడు అడుగు పెట్టడు. దుకాణం పేరు కేవలం చిరునామా కాదు. 'మేము ఎదురుచూస్తున్నది మీకోసమే' అని వీధిలో పోయేవారికి అందించే పిలుపు. ఒకే పిలుపు అందరికీ అందదు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1920లలోనే ఈ కిటుకును గ్రహించి, చవకైన షెవర్లే మొదలు ఖరీదైన కాడిలాక్ వరకు మెట్లుమెట్లుగా పేర్లను అమర్చింది.

బాగ్‌బేరావాసికి ఇది బోధపడడానికి అంత దూరం పోనక్కరలేదు. చేతిలోని పార టాటా అగ్రికో. ఇంటి పైకప్పు రేకు టాటా శక్తి. శ్లాబులోని ఇనుప చువ్వ టాటా టిస్కాన్. మూడూ టాటా స్టీల్ సరకులే. వాటికి మనుషులకు వలెనే ఇంటిపేరూ ఉన్నది, సొంత పేరూ ఉన్నది. అదే టాటాల కుటుంబానికి చెందిన ట్రెంట్ సంస్థ నడిపే బట్టల దుకాణాలు మాత్రం వెస్ట్‌సైడ్, జూడియో. ఇంటిపేరు బోర్డుకెక్కలేదు. 2016లో వెలసిన జూడియోలో ధరలు చాలావరకు వెయ్యి రూపాయలకు లోపు. వెస్ట్‌సైడ్ అంతకన్నా పై మెట్టు.

ఇంటిపేరు కలపకపోవడంలో మరొక సౌలభ్యమున్నది. పేరు కూడా ఆస్తే. దానిని కొనవచ్చు, అమ్మవచ్చు. 1952లో టాటాలు లాక్మే పేరిట సౌందర్య సాధనాల వ్యాపారం ప్రారంభించారు. 1998లో ఆ పేరుతో సహా వ్యాపారాన్ని హిందూస్థాన్ లీవర్‌కు అప్పగించారు. ఆ ధనమే ట్రెంట్ స్థాపనకు పెట్టుబడి అయినది. అది 'టాటా పౌడర్' అయివుంటే అంత సులువుగా చేతులు మారేదా? ఒక పేరు చెడినా తక్కినవాటికి మసి అంటకుండుట దీనివల్ల కలిగే ఇంకొక లాభం.

అయితే పేర్లు పెంచుకుంటూ పోవడం పిల్లలను కనడం వంటిదే; ప్రతిదానినీ పోషించాలి. ప్రకటనలు వేరు, సిబ్బంది వేరు, అలంకరణ వేరు. టైటాన్ సంస్థకు తనిష్క్ నగల దుకాణాలున్నవి. ఆ పేరు చిన్న పట్టణాలవారిని బెదరగొట్టునేమోనని 2005లో వారికోసం గోల్డ్‌ప్లస్ పేరిట వేరే దుకాణాలు తెరిచారు. కొన్నేళ్ళ తరువాత వాటిని మూసి, తనిష్క్‌లోనే కలిపివేశారు. చిన్న ఊరివారికి చిన్న పేరే చాలునన్న అంచనా అన్నివేళలా నిలవదు.

ఇందులో మోసమున్నదా? లేదు. చట్టం దీనిని నిషేధించలేదు. సరకు మంచిదైతే బోర్డుపై ఏ పేరున్ననేమి? కాని నాలుగు కొట్లు తిరిగి బేరీజు వేశాననుకున్నవాడు నిజానికి ఒకే కొట్టులో నాలుగు గదులు తిరిగి ఉండవచ్చు. పోటీ లేనిచోట పోటీ ఉన్నదని భ్రమించడమే కొనుగోలుదారుకు కలిగే నష్టం.

ఆ భ్రమ తొలగించుకొనే సాధనం అతని జేబులోనే ఉన్నది. పన్ను రసీదుపై అమ్మినవారి చట్టబద్ధమైన పేరు, చిరునామా, పదిహేను అక్షరాంకెల జి.ఎస్.టి. సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యలో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తరువాతి పది సంస్థ యొక్క పాన్. రెండు రసీదులలో ఆ పదీ ఒకటే అయితే, బోర్డులు రెండైనా యజమాని ఒక్కడే. అనుబంధ సంస్థలకు వేరే పాన్ ఉంటుంది కనుక, సంఖ్యలు వేరైనంత మాత్రాన యజమానులు వేరని చెప్పలేము.

కనుక బాగ్‌బేరా పెద్దలు మరొకసారి పెళ్ళి బట్టలకు బయలుదేరినపుడు గుమ్మంపై బోర్డును చూచి మురిసిపోనూ అక్కరలేదు, జంకనూ అక్కరలేదు. చీర నేతను వేళ్ళతో తడిమి, ధర చీటీని కళ్ళతో చదివి, చివర రసీదును నిదానంగా పరికిస్తే చాలు. బోర్డుపై పేరును వర్తకుడు తనకు నచ్చినట్లు పెట్టుకుంటాడు. రసీదుపై మాత్రం అసలు పేరు చెప్పక తప్పదు.